రంగుడబ్బాలోని మీగడ



పోయిన యుగాదికి తలుపులకు రంగు వేయింపదలచి, నిరుడు మిగిలిన డబ్బా మూత తీసితిని. పైన తోలువలె దళసరి పొర కట్టియుండెను. చెడినదనుకొని పారవేయబోయితిని. రంగు వేయవచ్చిన ముసలివాడు నవ్వి, "మీగడ కట్టిందని పాలు పారబోసుకుంటామా, సామీ?" అని, కత్తితో అంచు కోసి పొర నెత్తివేసి, తక్కిన రంగును పలుచని గుడ్డతో వడగట్టెను. తలుపులు చక్కగా కుదిరినవి. కాని లోపలిగది ముగించి వచ్చి, అతడు వేపచెట్టు క్రింద తల పట్టుకొని చాలసేపు కూర్చుండెను. ఆ రెండు సంగతులకును గల సంబంధమే నేటి ప్రసంగము.

మనము వాడు నూనెరంగు అల్కిడ్ అను జిగురుతో చేయబడును. అందలి అవిసె, సోయా వంటి నూనెలు గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడును. త్వరగా ఆరుటకై కోబాల్టు లవణమును చేర్చుదురు. తలుపుమీద మేలైన ఈ గుణమే డబ్బాలో మీగడ కట్టించును. మన కర్నూలు, కడప సీమల యెండకు అది మరింత వేగముగా కట్టును. దానిని ఆపుటకు మిథైల్ ఇథైల్ కీటాక్సైమ్ అను ద్రవమును కొద్దిగా కలుపుచు వచ్చిరి. డబ్బాలో నున్నంతకాలము అది కోబాల్టును పట్టియుంచును. పూసినపిదప ఆవిరియై పోవును. ఎక్కడికి? మూసిన గదిలో పనివాని ఊపిరిలోనికి.

రంగు వాసనలో ద్రావకము పాలే యెక్కువ. తలనొప్పికి అదియే చాలును. కాని ఈ కీటాక్సైమ్ ఆవిరిని దీర్ఘకాలము పీల్చిన ఎలుకలకు కాలేయమున కంతులు పుట్టినట్లు పరీక్షలలో తేలెను. అందుచే ఐరోపా సమాఖ్య 2020లో దీనిని క్యాన్సరు కలిగింపగల పదార్థములలో చేర్చెను. 2022 మార్చి 1 నుండి అది అమలునకు వచ్చెను. దీనికి బదులుగా డైఇథైల్ హైడ్రాక్సిలమైన్ వంటివి వాడుకలోనికి వచ్చినవి. ఫినాలుజాతివి కూడ కలవుగాని, అవి రంగు ఆరుటను ఆలస్యము చేయును. మార్పు సులభము కాదు, అసాధ్యమును కాదు. మన దేశమున 2016 నాటి నిబంధనలచే, 2017 నవంబరు నుండి ఇంటిరంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని కట్టడియైనది. అందుచే రంగుల వర్తకము నిలిచిపోలేదుగదా!

కావున మీకు నా మనవి. కొనునపుడు కీటాక్సైమ్ లేని రంగు కలదా యని అంగడిలో అడుగుడు. పదిమంది అడిగిననే పదార్థము మారును. పని జరుగునపుడు తలుపులు, కిటికీలు తెరచియుంచుడు. పసిపిల్లలను ఆ గదిలో పరుండబెట్టకుడు. మిగిలిన రంగును చిన్నడబ్బాలో నిండుగా పోసి, మూత బిగించి నీడన పెట్టుడు. లోన గాలి తగ్గినకొలది మీగడయు తగ్గును. అప్పటికిని కట్టినచో, కలియబెట్టక ఎత్తివేసి వడగట్టుడు.

మీగడ పోయిన నష్టము గరిటెడు రంగు. పనివాని ఆరోగ్యము పోయినచో దానిని వడగట్టి తెచ్చు గుడ్డ లేదు. సెలవు.