బుద్ధి నిలకడగా ఉండగానే వసియ్యత్

అంబాజీపేట పరిసరాల్లో ఎన్నో కుటుంబాలకు కొబ్బరితోటే ఆస్తి. ఆ తోటపై తగవు పుడితే అన్నదమ్ముల మధ్య సలామ్ కూడా ఆగిపోతుంది.

వసియ్యత్ చేసేవారికి యుక్తవయస్సు, స్వస్థబుద్ధి ఉండాలి. ఏమిస్తున్నారో, ఎవరికిస్తున్నారో తెలియని స్థితిలో వేయించిన వేలిముద్రకు విలువ లేదు. మనకు నోటిమాట వసియ్యత్ కూడా చెల్లుతుంది. కాని వివాదం వస్తే దానిని రుజువు చేయడం కష్టం. అందుకే మాయిదా సూరా 106వ ఆయత్ న్యాయవర్తనులైన ఇద్దరిని సాక్షులుగా ఉంచుకోమని ఆదేశించింది. వీలునామాపై సహేతుకమైన అనుమానాలుంటే, వాటిని తొలగించవలసిన భారం దానిని ముందుకు తెచ్చినవారిదేనని సుప్రీంకోర్టు 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో తేల్చింది.

హజ్రత్ సఅద్ (రజి)కు దైవప్రవక్త (స) మూడోవంతు వరకే అనుమతించారు, అదీ ఎక్కువేనన్నారు. తక్కిన వారసుల సమ్మతి లేకుండా ఒక వారసునికి చేసిన వసియ్యత్ చెల్లదు.

వసియ్యత్‌ను విన్న తరువాత మార్చేవారిదే పాపమని బఖరా సూరా 181వ ఆయత్ హెచ్చరిస్తోంది. స్పృహలేని తండ్రి వేలు పట్టి ముద్ర వేయించే కొడుకూ, నిండు తెలివితో వ్రాసిన తండ్రిని మతి తప్పినవాడని కోర్టులో చెప్పే కొడుకూ ఈ హెచ్చరికకు భయపడాలి. వసియ్యత్‌లోనే అన్యాయం జరిగిందనిపిస్తే, సంబంధీకుల మధ్య రాజీ కుదర్చడం పాపం కాదని తరువాతి ఆయత్ దారి చూపింది.

మంచం పట్టేదాకా ఆగక, నేడే వ్రాసి ఉంచుదాం. అల్లాహ్ మనకు న్యాయబుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.