ముందు మానేయాల్సింది మటనా, చికెనా?

ఈ రోజు టాపిక్ మాంసం మానేయడం. అప్పుడే స్క్రోల్ చేసి వెళ్ళిపోకండి. మిమ్మల్ని మానేయమని చెప్పడానికి రాలేదు. నేను మూడేళ్ళుగా ఎలా తగ్గించుకుంటూ వచ్చానో, మొదట్లో ఏం తప్పు చేశానో, అది చెబుతా.

మాది నెల్లూరు జిల్లా, కలువాయి దగ్గర ఒక పల్లె. మా ఇంట్లో ఆదివారం అంటే సంగటి, కోడి పులుసు. చుట్టాలొస్తే పొట్టేలు మాంసం. సోమశిల చేపలు దొరికితే మామిడికాయ వేసి పులుసు, అది కూడా మర్నాడు పొద్దున తింటేనే అసలు రుచి. మా ఇల్లొక్కటే కాదు, 2014లో కేంద్ర ప్రభుత్వం చేసిన ఎస్ఆర్ఎస్ సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 98 శాతం మంది మాంసాహారులే. కాబట్టి మన దగ్గర "నేను తినను" అంటే వెంటనే రెండు ప్రశ్నలు వస్తాయి. ఒకటి, "ఒంట్లో బాలేదా?" రెండోది, "మీరు ఏమోళ్ళు?" ఆ రెండో ప్రశ్న దగ్గరికి తర్వాత వస్తా.

అప్పుడు నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. మే నెలలో ఒకసారి ఊరికి వస్తుంటే బస్సు టీ కోసం ఆగింది. పక్కనే కోళ్ళ లారీ. ప్లాస్టిక్ ట్రేలు ఒకదాని మీద ఒకటి. కోళ్ళన్నీ నోళ్ళు తెరిచి రొప్పుతున్నాయి. ఒకదాని మెడ ట్రే సందులోంచి బయటికొచ్చి ఇరుక్కుంది, అది లోపలికి తీసుకోలేకపోతోంది. నా చేతిలో చికెన్ బిర్యానీ పార్సిల్. అక్కడికక్కడే మానేశానని చెబితే బాగుంటుంది కానీ, అబద్ధం అవుతుంది. ఆ బిర్యానీ మొత్తం తిన్నా. కానీ ఆ మెడ మాత్రం గుర్తుండిపోయింది.

కొన్నాళ్ళకి తగ్గిద్దాం అనుకున్నా. అందరూ ఇచ్చే సలహానే పాటించా: ముందు మటన్ మానెయ్, చికెన్ పర్లేదు. మటన్ ఖరీదు, కొవ్వు ఎక్కువ, పైగా పెద్ద జంతువు. ఆరు నెలలు మటన్ ముట్టలేదు. బదులుగా వారానికి రెండుసార్లు చికెన్. నాకు నేను చాలా మంచోడిలా అనిపించా.

సంక్రాంతికి ఊరెళ్ళా. మా మామకి అరవై గొర్రెలున్నాయి. నెల్లూరు జాతి. తెలియని వాళ్ళకి చెబుతా, మన దేశంలో అన్నిటికన్నా ఎత్తుగా పెరిగే గొర్రె ఇదే. ఒంటి మీద ఉన్ని ఉండదు, వెంట్రుకలే. తెల్లగా ఉంటే పల్ల, తెల్లటి ఒంటికి మొహం మీద, కళ్ళ చుట్టూ నల్ల మచ్చలుంటే జోడిపి, ఎర్రగా ఉంటే దొర. 2019 పశుగణన ప్రకారం దేశంలో 7 కోట్ల 42 లక్షల గొర్రెలుంటే, తెలంగాణలో కోటీ 90 లక్షలు, ఆంధ్రాలో కోటీ 76 లక్షలు. అంటే దాదాపు సగం మన దగ్గరే.

భోజనాల దగ్గర మటన్ వద్దన్నా, చికెన్ వడ్డించుకున్నా. మా మామ నవ్వాడు.

"గొర్రెని వదిలేసి కోడి మీద పడ్డావా అల్లుడా? నా గొర్రె బీళ్ళన్నీ తిరిగింది. ఎండా చూసింది, వానా చూసింది. నువ్వు తింటుండావే, ఆ కోడి ఎప్పుడన్నా ఎండ మొహం చూసిందా?"

నా దగ్గర సమాధానం లేదు. ఆ రాత్రి ఫోన్‌లో కాలిక్యులేటర్ తీశా. ఇంజినీర్ బుద్ధి కదా.

మీరూ నాతో పాటు లెక్కేయండి. ఒక ఇంట్లో వారానికి కిలో మాంసం. ఏడాదికి 52 కిలోలు. ఒక పొట్టేలు నుంచి సుమారు 12, 13 కిలోల మాంసం వస్తుంది. అంటే ఏడాదికి నాలుగు పొట్టేళ్ళు. అదే చికెన్ అయితే? రెండు కిలోల బ్రాయిలర్ కోడి నుంచి కిలోంబావు, కిలోన్నర మధ్యలో వస్తుంది. 52 కిలోలకి ఇంచుమించు నలభై కోళ్ళు. మటన్ మానేసి చికెన్‌కి మారితే నాలుగు ప్రాణాల బదులు నలభై ప్రాణాలు. జంతువుల మీద జాలితో నేను చేసిన పని ఇది!

సంఖ్య ఒక్కటే అయితే వేరే మాట. అవి బతికే తీరు కూడా చూడండి. మన పెరట్లో నాటుకోడి కిలోన్నర తూగాలంటే అయిదారు నెలలు పడుతుంది. బ్రాయిలర్ 40 రోజుల్లో రెండు కిలోలు అవుతుంది. అలా పెరిగేలా తయారుచేసిన జాతి అది. ఒళ్ళు పెరిగినంత వేగంగా కాళ్ళకి బలం రాదు, చాలా కోళ్ళు చివరి రోజుల్లో సరిగ్గా నడవలేవు. షెడ్డు కట్టి పెంచే రైతుని తిట్టడం లేదు. చాలా చోట్ల పిల్లలు కంపెనీవి, మేత కంపెనీది, రైతుకి వచ్చేది కిలోకి ఇంత అని పెంపకం కూలి. ఎలా పెంచాలో నిర్ణయించేది ఆయన కాదు.

గుడ్ల సంగతి ఇంకోటి. ఒక ఏ4 పేపర్ తీసుకోండి. దాని వైశాల్యం 620 చదరపు సెంటీమీటర్ల పైనే. మామూలుగా బ్యాటరీ బోనులో ఒక కోడికి దొరికే చోటు సుమారు 450. పేపర్ కన్నా తక్కువ. రెక్క విప్పలేదు, మట్టిలో పొర్లలేదు. ఏడాదికి మూడు వందల గుడ్లు పెడుతుంది. గుడ్లు పెట్టే జాతిలో మగపిల్లలు ఎవరికీ అక్కర్లేదు, పుట్టిన రోజే చంపేస్తారు. జర్మనీ 2022 జనవరి నుంచి ఆ పని నిషేధించింది.

మరి మనకి చట్టం లేదా అంటే, ఉంది. రుక్మిణీదేవి అరండేల్ పేరు వినే ఉంటారు, భరతనాట్యం, కళాక్షేత్ర. ఆమె రాజ్యసభ సభ్యురాలిగా 1950ల్లో పట్టుబట్టడం వల్లే 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. అందులో 11వ సెక్షన్ ప్రకారం, జంతువు కదలడానికి వీల్లేనంత చిన్న బోనులో పెట్టడం నేరం. తినడానికి చంపడం నేరం కాదు, కానీ అనవసరమైన బాధ పెట్టకూడదు. అంతా బాగానే ఉంది. మొదటిసారి పట్టుబడితే జరిమానా ఎంతో తెలుసా? పది రూపాయల నుంచి యాభై రూపాయలు. అంటే బిర్యానీలోకి ఒక కూల్‌డ్రింక్ ఖర్చు. 2017లో లా కమిషన్ కోళ్ళ పెంపకం మీదే ప్రత్యేకంగా ఒక రిపోర్ట్ ఇచ్చింది, 269వ రిపోర్ట్. బోనులు పోవాలని అందులో ఉంది. బోనులు ఇంకా ఉన్నాయి.

అందుకే నా వరుస మార్చుకున్నా. మొదట బయట తినే చికెన్ మానేశా. తర్వాత ఇంట్లో చికెన్. నాలుగు నెలలకి గుడ్లు. ఆ తర్వాత చేపలు, నిజం చెప్పాలంటే అదే అన్నిటికన్నా కష్టం, మా అమ్మ పులుసు వాసనకి రెండుసార్లు ఓడిపోయా. చివరికి మటన్. పాలు, పెరుగు ఇంకా తీసుకుంటున్నా. పాలివ్వని దూడల గతి ఏంటో నాకు తెలుసు కాబట్టి, నా చేతులు శుభ్రం అని అనను.

ఒంటి గురించి ఒక మాట. కందిపప్పు, శనగలు, ఉలవలు, అలసందలు, వేరుశనగలు, మీల్‌మేకర్, వీటితో ప్రొటీన్‌కి ఇబ్బంది లేదు. కానీ బి12 మొక్కల్లో దొరకదు. టెస్ట్ చేయించుకుని డాక్టర్ చెప్పినట్టు టాబ్లెట్ వేసుకోండి. చిన్నపిల్లలు, గర్భిణులు, రక్తహీనత ఉన్నవాళ్ళు నా వీడియో చూసి ఏదీ మానేయొద్దు, ముందు డాక్టర్‌ని అడగండి.

ఇప్పుడు ఆ "ఏమోళ్ళు?" ప్రశ్న. సిటీలో ఇల్లు అద్దెకి వెతికితే "వెజిటేరియన్స్ ఓన్లీ" బోర్డు మీరూ చూసుంటారు. అది జంతువుల మీద ప్రేమ కాదు, మనుషుల్ని దూరం పెట్టే పద్ధతి. మాంసం తినని వాడు గొప్ప, తినేవాడు తక్కువ అనే మాటకి నా మాట వాడుకోవద్దు. ఎవరి పళ్ళెంలోకీ తొంగి చూడను. నా పళ్ళెం లెక్క మాత్రమే చెబుతున్నా.

మా మామని కూడా ఒకసారి అడిగా, నేను మానేస్తే నీకు కోపమా అని. "నువ్వొక్కడివి తినకపోతే నాకేంది నష్టం? అందరూ మానేస్తే ఈ మందనేం చేసుకోవాల? నేనేం తినాల?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, మూడేళ్ళయినా లేదు. ఆ మందలో ఏ గొర్రె ఏ తల్లి పిల్లో ఆయనకి తెలుసు. పొట్టేళ్ళు కొనేవాడి బండి వచ్చిన రోజు డబ్బులు లెక్కపెట్టుకుని దొడ్డి వెనక్కి వెళ్ళిపోతాడు, ఎక్కించేటప్పుడు చూడడు. జంతువుల గురించి ఆయనకి నేను కొత్తగా చెప్పేదేం లేదు.

మా ఊరి పోలేరమ్మ కొలుపుకి వేట కొడతారు. మొదటి ఏడాది నేను వద్దంటే మా అవ్వ కళ్ళనీళ్ళు పెట్టుకుంది, "అమ్మవారికి పెట్టింది కూడా వద్దంటావా నాయనా" అని. ఒక్క ముక్క తిన్నా. తప్పు చేశానా, ఒప్పు చేశానా, ఇప్పటికీ తెలీదు. రెండో ఏడాది అవ్వ ఏమీ అనలేదు. అందరికీ వడ్డించాక నా దగ్గరికి వచ్చి, విడిగా వండిన వంకాయ కూర గిన్నె నా ముందు పెట్టి, "ఇది నీకే" అని వెళ్ళిపోయింది.

మీరు మొత్తం మానేయక్కర్లేదు. తగ్గిద్దాం అని మీకే అనిపిస్తే, చిన్న ప్రాణుల దగ్గర మొదలుపెట్టండి. అవే ఎక్కువ బాధపడుతున్నాయి, వాటి సంఖ్యే ఎక్కువ. వారానికి ఒక్కసారి చికెన్ ఆపినా మీ ఇంటి లెక్కలో ఏడాదికి ఎన్ని తగ్గుతాయో మీరే వేసుకోండి.

ఉంటా మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.