‘ఇక చేసేదేం లేదు’ అనే మాట మాకొద్దు

(ఆదివాసీ ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టర్ని కాదు. సికిల్ సెల్‌తో చనిపోయిన ఒక పిల్లాడికి మేనమామను. వాడికి తొమ్మిదేళ్ళు. మన్యంలో చలి మొదలైతే చాలు, మా ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండేది కాదు. కాళ్ళు, నడుం పట్టేసి మెలికలు తిరిగిపోయేవాడు. మా చెల్లెలు రాత్రంతా గుడ్డ వేడి చేసి కాపడం పెట్టేది. చివరిసారి ఆసుపత్రిలో, "ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్ళిపోండి" అన్నారు. నాలుగు గోలీలు కాగితంలో చుట్టి ఇచ్చారు.

వాడు ఇంకా పదకొండు రోజులు బతికాడు. ఆ పదకొండు రోజులూ చెయ్యాల్సింది చాలా ఉంది. మాకెవరూ చెప్పలేదు, అంతే.

దాన్నే పాలియేటివ్ కేర్ అంటారు. జబ్బు నయం కాకపోయినా నొప్పి తగ్గించడం, ఆయాసం తగ్గించడం, తల్లిదండ్రులకు వాళ్ళ భాషలో నిజం చెప్పడం, తోడుండటం. ఇది చావు దగ్గరపడ్డాక మొదలయ్యేది కాదు. పిల్లల విషయంలో జబ్బు తెలిసిన రోజు నుంచే, వైద్యంతో పాటే నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది.

తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ ఉంది. డాక్టరు చూసి, బరువును బట్టి మోతాదు ఇస్తే పిల్లలకూ వాడొచ్చు. 1985 మాదకద్రవ్యాల చట్టం వల్ల దాన్ని ఉంచుకోవడానికే ఆసుపత్రులు జంకేవి. 2014లో ఆ చట్టాన్ని సవరించి నిబంధనలు సులువు చేశారు. చట్టం మారింది గానీ ఆ మందు మా కొండ ఎక్కి రాలేదు.

2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 2047 నాటికి జబ్బు లేకుండా చేస్తామంటోంది. పరీక్షలు చెయ్యండి, మంచిదే. మరి ఈ రాత్రి నొప్పితో ఏడుస్తున్న పిల్ల 2047 దాకా ఆగుతుందా?

ఇంకో మాట. పిల్లాడు పోయాక మా చెల్లెల్ని అత్తింటివాళ్ళు "నీ రక్తమే చెడ్డది" అన్నారు. తప్పు. ఈ జబ్బు రావాలంటే ఆ లక్షణం తల్లి నుంచీ రావాలి, తండ్రి నుంచీ రావాలి. ఇద్దరిలోనూ ఉంటే ప్రతి కాన్పులో జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ఇందులో ఎవరి పాపమూ లేదు. ఈ ఒక్క ముక్క ఆరోజు ఎవరైనా ఇంటికొచ్చి చెప్పుంటే, ఆమె ఏడాది పాటు మాట మానేసి కూర్చునేది కాదు.

బిడ్డ చనిపోగానే రిజిస్టర్లో పేరు కొట్టేస్తారు. అక్కడితో ఆ ఇంటి గడప ఎవరూ తొక్కరు. వాడి చెల్లి మాత్రం "నాక్కూడా వస్తుందా మామా?" అని అడుగుతూనే ఉంది. ఆ పిల్లకు జవాబు చెప్పేవాళ్ళెవరు?

అందుకే మనం అడగాల్సినవి:

ప్రతి ఏజెన్సీ ఏరియా ఆసుపత్రిలో పిల్లల నొప్పికి మార్ఫిన్, అది వాడటం తెలిసిన డాక్టరు, నర్సు ఉండాలి.

కువి, ఆదివాసీ ఒడియా, కోయ మాట్లాడే మనిషి ఆసుపత్రిలో ఉండాలి.

బిడ్డ పోతే ఊరిదాకా వాహనం ఇవ్వాలి. శవాన్ని బండి మీద, డోలీలో మోసుకెళ్ళే గతి ఏ తండ్రికీ రాకూడదు.

పెద్దకర్మ అయిపోయాక కూడా ఆశా, ఏఎన్ఎం ఆ ఇంటికి వెళ్ళాలి. మిగిలిన పిల్లలకు పరీక్ష చేయించాలి. ఆ పనికి వాళ్ళకు డబ్బులివ్వాలి.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో సికిల్ సెల్, తలసేమియా ఉన్నాయి. సర్టిఫికెట్ కోసం కొండ దిగి పదిసార్లు తిప్పించుకోకుండా, క్యాంపు మన దగ్గరికే రావాలి.

ఇవి అడుక్కునేవి కావు, మన హక్కులు. అవి వచ్చేలోపు మనం చెయ్యగలిగింది ఒకటుంది. మీ ఊళ్ళో బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఉంటే, రేపు వెళ్ళి ఆమె పక్కన కూర్చోండి. ఓదార్చక్కర్లేదు. బిడ్డ పేరెత్తి మాట్లాడండి. ఆ పేరు ఎవరూ పలకడం లేదనే ఆమె బాధ.

జోహార్.