లెక్కలూ ఫిజిక్సూ కలిపి చదువుతానంటే

నేను దోహాలో సైట్ సూపర్‌వైజర్‌ని. చదివింది ఐటీఐ, డ్రాఫ్ట్స్‌మన్ సివిల్. మా అమ్మాయి జగిత్యాలలో ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. "బీటెక్ వద్దు నాన్నా, లెక్కలూ ఫిజిక్సూ కలిపి డిగ్రీ చదువుతా" అంటోంది. చుట్టాలేమో "మరి ఉద్యోగమెట్ల?" అని నాకు ఫోన్ల మీద ఫోన్లు. మనలో చాలామంది ఇళ్లల్లో ఇదే ముచ్చట నడుస్తుంటది కాబట్టి ఈ రోజు దీని గురించే మాట్లాడతా.

నా పనిలోంచే ఒక ఉదాహరణ చెప్తా. రెండు చివర్ల ఊతమున్న బీమ్ మీద మీటరుకింత అని సమానంగా బరువుందనుకోండి. బీమ్ సైజూ, మీటరు బరువూ మార్చకుండా పొడుగు రెట్టింపు చేస్తే, మధ్యలో వంపు రెండింతలు కాదు, 16 ఇంతలు అవుతది. అందుకే స్లాబు కింద సపోర్టులు తొందరపడి తీయనియ్యను.

మరి 16 ఎందుకు? బరువు నుంచి షియర్ ఫోర్స్, దాన్నుంచి బెండింగ్ మూమెంట్, దాన్నుంచి వాలు, వాలు నుంచి వంపు. నాలుగు మెట్లు, మెట్టుకో ఇంటిగ్రేషన్. అందుకే 2ని నాలుగుసార్లు గుణిస్తే 16. ఏ మెట్టు తర్వాత ఏది అని చెప్పేది ఫిజిక్స్. ఆ మెట్లు ఎక్కించేది లెక్కలు. కలిపి చదవడమంటే నాకు అర్థమైంది ఇదే.

సులువైతే కాదు. లెక్కల్లో ప్రతి మాటా నిరూపించమంటరు, ఫిజిక్స్‌లో ప్రయోగంతో సరిచూడమంటరు. రెండింటికీ ఓపిక కావాలె.

చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఈ రెండు సబ్జెక్టులతోనే బీఎస్సీ ఆనర్స్ ఉంది. దానికి వాళ్ల ఎంట్రన్స్ వేరే. తిరుపతి ఐసర్‌లో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ ఉంది. మొదట సైన్సులన్నీ చదివి, తర్వాత ఇష్టమైన దాని వైపు పోవచ్చు. మన దగ్గరి డిగ్రీ కాలేజీల్లోనూ బీఎస్సీలో ఈ రెండూ తీసుకోవచ్చు.

ఒక్క మాట దాచను. ఈ దారిలో ఎమ్మెస్సీ, కొన్నిసార్లు పీహెచ్‌డీ దాకా పోవాలె. జీతం ఆలస్యంగా వస్తది. ఎండలో నిలబడే సత్తువ నాకు ఇంకెన్నేళ్లు ఉంటదన్నదే నా దిగులు. అయినా సరే అన్నా. ఎప్‌సెట్ కూడా రాయమన్నా, ఒప్పుకుంది.

మీ పిల్లలు ఇట్లా అడిగితే ర్యాంకు ఒక్కటే చూడకండి. జవాబు వచ్చాక కూడా "ఎందుకు?" అని కూర్చుంటున్నరా, అది చూడండి. మీ ఇంట్లో ఎవరన్నా ఇది చదివి ఉంటే, డిగ్రీ తర్వాత ఏం చేసిన్రో ఒక వాయిస్ మెసేజ్ పెట్టండి. మా ఇంట్లోనూ వింటరు. ఉంటానండి.