నడినీళ్లలో ఇంజన్ ఆగితే



పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు నడుమ గోదావరే హద్దు. వంతెనలు పడకముందు అవతలి ఒడ్డుకు పోవాలంటే పడవే దిక్కు. కాళేశ్వరం నుంచి సిరొంచకు పోవాలన్నా అంతే. బావుల మీద నీళ్లు తోడిన ఆయిల్ ఇంజన్, ఆ పడవల్లో కూర్చున్న చిన్న డీజిల్ ఇంజన్ పనిచేసే తీరు ఒక్కటే. ఇంగ్లండ్‌లో లిస్టర్ కంపెనీ చేసిన, నిమిషానికి 650 చుట్లు తిరిగే ఇంజన్‌కు రాజ్‌కోట్‌లో ఎన్నో నకళ్లు పుట్టాయి. బాగా చూసుకుంటే అవి తరాలు నడుస్తాయి.

అలాంటి ఇంజన్ ఆగగానే చాలామంది పానా పట్టుకొని నేరుగా డీజిల్ పంపు విప్పుతారు. వద్దు. ముందు లంగరు వేయండి. తర్వాత ట్యాంకు దగ్గర మొదలుపెట్టి డీజిల్ వచ్చే దారి వెంటే రండి.

ట్యాంకు మూతకు సన్నని రంధ్రం ఉంటుంది. డీజిల్ తగ్గేకొద్దీ అందులోంచి గాలి లోపలికి పోవాలి. జిడ్డు పట్టి అది మూసుకుపోతే ఇంజన్ కాసేపు బాగానే నడిచి ఆగిపోతుంది, కొంతసేపటికి మళ్లీ అందుకుంటుంది. మూత వదులు చేస్తే సుయ్‌మని గాలి పీల్చుకుంటుంది. జబ్బు అక్కడే ఉందన్నమాట.

తర్వాత నీళ్లు. ట్యాంకు సగం ఖాళీగా ఉంచితే రాత్రి చల్లదనానికి లోపలి తేమ నీళ్లయి అడుక్కి దిగుతుంది. అడుగు డీజిల్ గాజు సీసాలో పట్టి చూడండి, తేడా కంటికే కనిపిస్తుంది. ఫిల్టర్ కూడా అప్పుడే మార్చుకోండి.

అన్నిటికన్నా ఎక్కువగా ఏడిపించేది గాలి. ట్యాంకు పంపుకన్నా కిందుంటే, నట్టు వదులైన చోట డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. అందుకే లీకు కంటికి దొరకదు. ఫిల్టర్ మీది స్క్రూ కొంచెం వదిలి, డీజిల్ ఎక్కించే చేతిపంపు కొట్టండి. బుడగలతో నురగ వస్తుంది. బుడగలు ఆగి డీజిల్ నిండుగా రాగానే బిగించండి. పంపు దగ్గరా అంతే. చివరికి నాజిల్‌కు పోయే పైపు నట్టు వదిలి హ్యాండిల్ తిప్పండి, డీజిల్ చిమ్మాక బిగించండి. నాజిల్ ముందు మాత్రం చెయ్యి పెట్టకండి. చిమ్మే ఒత్తిడికి డీజిల్ చర్మం చీల్చుకొని లోపలికి పోతుంది.

ఇంత చేసినా పలకకపోతే అప్పుడు పంపునూ నాజిల్‌నూ మెకానిక్కుకు అప్పగించండి. పడవ నడిపే అన్నలకు ఒక్క మనవి: రెండు రాగి వాషర్లు, ఒక ఫిల్టర్, తెడ్డు లేకుండా రేవు వదలకండి.