ఆకలి తగ్గిన రోజులే అదును
(మైలవరంలో పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటి నుంచి కలిసిన ప్రతి మిత్రుడూ "ఏందిరా, ఇట్ల సన్నబడినావు, ఒంట్లో బాగుందా?" అని అడుగుతున్నాడు. బాగుంది. డాక్టరు సలహాపై ఎనిమిది నెలలుగా వారానికొక సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ తీసుకుంటున్నాను. 96 కిలోల నుంచి 84కు వచ్చాను. ఈ మాట చెప్పగానే ఇద్దరు మిత్రులు మందు పేరు ఫోనులో రాసుకున్నారు. పేరొక్కటే ఇంటికి తీసుకుపోతే చాలదని చెప్పడానికే ఈ ఐదు నిమిషాలు అడిగి తీసుకున్నాను.

మనం తిన్నాక పేగుల్లో జీఎల్‌పీ-1 అనే హార్మోను ఊరుతుంది. ఈ మందు దానిలాగే పనిచేస్తుంది. కడుపు నిదానంగా ఖాళీ అవుతుంది, 'ఇక చాలు' అన్న కబురు మెదడుకు తొందరగా అందుతుంది. 2021లో వెలువడిన పెద్ద పరిశోధనలో 68 వారాలకు సగటున 15 శాతం దాకా బరువు తగ్గింది. అయితే మందు, దాంతోపాటు ఇచ్చే సలహాలు ఆపేసిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. బీపీ లాగా ఇదీ దీర్ఘకాలపు జబ్బే. కొందరికి మందు ఏళ్ల తరబడి అవసరం కావచ్చు.

నాకు పదవీ విరమణ దగ్గర పడింది. ఈ ఖర్చు ఎన్నాళ్లు మోయగలనో చెప్పలేను. మందు ఆగే రోజు వస్తే నా దగ్గర ఏం మిగులుతుంది? వాన పడి నేల పదునుగా ఉన్నప్పుడే కదా విత్తనం వేస్తాం! ఆకలి గోల లేని ఈ నెలలే నాకు ఆ పదును.

బరువుతో పాటు కొంత కండ కూడా పోతుంది. పట్టేది కొంచెమే కాబట్టి, ఆ కొంచెం సంగటితోనే నిండిపోతే కండకు తిండి ఉండదు. అందుకే ముందు గుడ్డో, ఉలవల గుగ్గిళ్లో, పెరుగో తింటాను. సంగటి తర్వాత. రోజూ రెండు పూటలా, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చుంటాను. రాత్రి భోజనం కాగానే పావుగంట నడుస్తాను. మన ఎండల్లో దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగుతాను. పెళ్లిళ్లలో "ఇంకొంచెం వేసుకోండి" అంటే నవ్వి, విస్తరికి చెయ్యి అడ్డం పెట్టడం అన్నిటికంటే కష్టమైన పాఠం.

ఈ అలవాట్లుంటే బరువు తిరిగి రానే రాదని నేను హామీ ఇవ్వను. కానీ కాళ్లలో బలం, చక్కెర అదుపు, నిద్ర, ఇవి త్రాసు మీద కనపడకపోయినా లాభాలే.

దయచేసి చీటీ లేకుండా ఈ మందు కొనొద్దు. గర్భిణులు వాడకూడదు. కుటుంబంలో మెడల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవారూ వాడకూడదు. గతంలో క్లోమం వాచినవారు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వాడేవారికి చక్కెర మరీ పడిపోవచ్చు. వదలని కడుపునొప్పి వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

రేపు పొద్దున ఆరు గంటలకు డ్యాం వైపు నడకకు పోతున్నాను. సూది వేసుకునేవాళ్లూ, వేసుకోనివాళ్లూ అందరూ రండి. టిఫినుకు ఉగ్గాని, బజ్జీ అని విన్నాను. ఉగ్గాని తింటాను, బజ్జీ మాత్రం ఒక్కటే.

సెలవు.