ప్రోస్టేట్ శస్త్రచికిత్స తరువాత: నాడులు కోలుకునే కథ



ఈనాటి పాఠం మీ తాతగారి వయసు వారికి ఎదురయ్యే ఒక సమస్య గురించి. పేరు చెప్పగానే కొందరు తల దించుకోవచ్చు, కొందరు నవ్వుకోవచ్చు. ఫరవాలేదు. గుండె గురించి చదివినట్టే దీన్నీ చదువుదాం.

ప్రోస్టేట్ గ్రంథి పురుషులలో మూత్రాశయానికి కింద, పురీషనాళానికి ముందు ఉంటుంది. పరిమాణం సుమారు అక్రోటు కాయంత. మూత్రం బయటకు వచ్చే ప్రసేకం దీని గుండానే సాగుతుంది. క్యాన్సర్ ఈ గ్రంథి దాటి పాకనప్పుడు, శుక్రాశయాలతో సహా గ్రంథిని తొలగించడం ఒక ముఖ్యమైన చికిత్స. అయితే 1980కి ముందు ఈ శస్త్రచికిత్స జరిగినవారు దాదాపు అందరూ అంగస్తంభన శక్తిని కోల్పోయేవారు.

కారణం ఏమిటి? ఆ నాడులు గ్రంథి లోపలి నుండే పోతాయని వైద్యులు అనుకునేవారు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో పాట్రిక్ వాల్ష్‌కు 1977లో ఒక రోగి తన శక్తి తిరిగి వచ్చిందని చెప్పాడు. గ్రంథి మొత్తం పోయినా శక్తి మిగిలిందంటే నాడులు బయట ఉండాలి కదా! 1981లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో పీటర్ డాంకర్ అనే విశ్రాంత ఆచార్యుడితో కలిసి, మృతశిశువు దేహంలో వాల్ష్ ఆ నాడుల దారిని చూశారు. పెద్దవారిలో గుర్తించడం కష్టమైన ఆ సన్నని నాడులు శిశువులో స్పష్టంగా కనిపించాయి. గ్రంథికి వెనుక ఇరుపక్కలా, గడియారంలో 5, 7 అంకెలుండే చోట అవి ఉన్నాయి. 1982 ఏప్రిల్ 26న వాటిని కాపాడుతూ వాల్ష్ తొలి శస్త్రచికిత్స చేశారు. 52 ఏళ్ల ఆ రోగి ఏడాదిలోగా కోలుకున్నాడు.

ఇప్పుడు ఆ నాడుల పని చూద్దాం. అవి నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేస్తాయి. దానివల్ల సైక్లిక్ జిఎంపి అనే పదార్థం పెరిగి, నునుపు కండరాలు సడలి, రక్తం నిండుతుంది. ఆ పదార్థాన్ని విచ్ఛిన్నం చేసే ఎంజైమును సిల్డెనాఫిల్ మాత్ర అడ్డుకుంటుంది. 1998లో అమెరికాలో ఈ మందుకు అనుమతి లభించింది. నైట్రిక్ ఆక్సైడ్ పరిశోధనకు నోబెల్ బహుమతి వచ్చిందీ ఆ ఏడాదే.

నాడులను కోయకపోయినా, పక్కకు లాగినప్పుడు అవి దెబ్బతింటాయి. నరం మెల్లగా కోలుకుంటుంది. అందుకే తొలి నెలల్లో మార్పు కనిపించదు. ఏడాదిన్నర, రెండేళ్లు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువ పడుతుంది. వయసు, మునుపటి ఆరోగ్యం, నాడులు ఒకవైపు మిగిలాయా రెండువైపులా మిగిలాయా అన్నవాటిపై ఫలితం ఆధారపడుతుంది. అందరికీ పూర్తిగా తిరిగి రాదు. రెండువైపులా నాడులు పోతే మాత్ర పెద్దగా పనిచేయదు, ఎందుకంటే దానికి నైట్రిక్ ఆక్సైడ్ కావాలి. అప్పుడు కండరంపై నేరుగా పనిచేసే ఇంజెక్షన్, వాక్యూమ్ పరికరం, చివరిగా లోపల అమర్చే సాధనం ఉన్నాయి. చర్మపు స్పర్శ వేరే నాడి ద్వారా వస్తుంది కాబట్టి అనుభూతి సాధారణంగా నిలుస్తుంది. వీర్యం మాత్రం రాదు. పిల్లలు కావాలనుకునేవారు ముందుగానే శుక్రకణాలను భద్రపరచుకోవాలి.

నాకు తెలిసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఆపరేషన్ తరువాత పడక వసారాలోకి మార్చుకున్నారు. భార్యకు చెప్పలేదు, వైద్యుణ్ణి అడగలేదు. గోడమీద ప్రకటన చూసి పొడులు కొన్నారు. డబ్బు పోయింది, రెండేళ్లు పోయాయి. చివరకు ఆయన భార్యే వైద్యుణ్ణి అడిగింది. "ఈ మాట మొదటే అడగవలసింది కదమ్మా" అన్నాడట ఆ వైద్యుడు.

ఒక హెచ్చరిక. గుండెనొప్పికి నైట్రేట్ మందులు వాడేవారు సిల్డెనాఫిల్ మింగితే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. వైద్యుని సలహా లేకుండా దాన్ని వాడరాదు.

మీ ఇంట్లో పెద్దవారు ఈ శస్త్రచికిత్సకు వెళుతుంటే, సిగ్గుపడకుండా వైద్యుణ్ణి అడగమని చెప్పండి. ముందే అడిగితే మరీ మంచిది.

ఆలోచించండి: నాడులు పూర్తిగా తెగినప్పుడు మాత్ర విఫలమై, ఇంజెక్షన్ ఎందుకు పనిచేస్తుంది? జవాబు ఈ పాఠంలోనే ఉంది. సెలవు.